పది లక్షల్లో యాభై: జన్యువుల నకలు మీద ఒక జీవితం గడుస్తుందా?

ప్రశ్న: ఈ ఏడాదే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేశాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. కణంలో డీఎన్ఏకు నకలు తీసే ఎంజైముల మీద పీహెచ్‌డీ చేయడానికి హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో సీటు ఇచ్చారు. అదే సమయంలో ఒక మందుల కంపెనీలో నెలకు 28,000 జీతంతో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం కూడా వచ్చింది. నాన్నగారికి తెనాలిలో ఇనుప సామాన్ల కొట్టు ఉంది. చేతికి వచ్చిన ఉద్యోగం వదలవద్దని ఆయన అంటున్నారు. అమ్మ సంబంధాలు చూస్తోంది. డీఎన్ఏ ఎలా నకలవుతుందో 1950లలోనే కనిపెట్టేశారు కదా, ఇంకా ఏం మిగిలిందని మా బావగారు అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆరు నెలలు ఒక ప్రొటీను కోసం కష్టపడ్డాను; ఎన్నిసార్లు చేసినా అది అడుగు మడ్డిలోనే ఉండిపోయింది, తేటలోకి రాలేదు. ఈ పని నాకు సరిపడుతుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. వాటిలో మూడు ఇంట్లోవాళ్లవి. నిజంగా మీది అనదగినది చివరిది ఒక్కటే. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం దూరం నడవాలి కనుక, ముందుగా మీ బావగారి ప్రశ్న తీసుకుంటాను.

రిజిస్ట్రారు ఆఫీసులో రెండు రకాల నకళ్లు దొరుకుతాయి. పుస్తకం మొత్తానికి ప్రతి రాయించి భద్రపరచడం ఒకటి, మనకు కావలసిన ఒక్క దస్తావేజుకు నకలు తీయించుకుని పనికి వాడుకోవడం రెండోది. కణంలోనూ ఈ రెండు పనులూ జరుగుతాయి. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏ మొత్తానికి ప్రతి తయారవుతుంది. రోజువారీ పనికి ఒక్కొక్క జన్యువుకు ఆర్ఎన్ఏ రూపంలో నకలు తయారవుతుంది. మొదటి పని చేసే ఎంజైము డీఎన్ఏ పాలిమరేజ్, రెండోది చేసేది ఆర్ఎన్ఏ పాలిమరేజ్. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా డీఎన్ఏలో సుమారు 46 లక్షల అక్షరాల జంటలు ఉంటాయి (డీఎన్ఏ గొలుసును కట్టే నాలుగు రకాల రసాయన భాగాలనే అక్షరాలు అంటున్నాను). ఒకే చోట మొదలై రెండు వైపులకూ సాగే రెండు యంత్రాలు, ఒక్కొక్కటి సెకనుకు దాదాపు 1,000 అక్షరాల చొప్పున, ఆ మొత్తాన్ని నలభై నిమిషాల్లో పూర్తి చేస్తాయి. అయితే మంచి ఆహారం దొరికితే ఆ బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. నలభై నిమిషాల పనికి ఇరవై నిమిషాల గడువు ఎలా సరిపోతుందంటే, మొదటి నకలు పూర్తి కాకముందే దాని మీద తరువాతి నకలు మొదలైపోతుంది కనుక. ఇంత తొందరలోనూ దిద్దుబాట్లన్నీ అయ్యాక మిగిలే తప్పు సుమారు వంద కోట్ల అక్షరాలకు ఒకటి.

1950లలో తెలిసింది ఈ కథలో మొదటి పేజీ మాత్రమే. మనిషి కణంలో నకలు ఒక చోట కాదు, వేలాది చోట్ల మొదలవుతుంది. ఆ చోట్లను ఏది నిర్ణయిస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డీఎన్ఏ నకలు తీసే యంత్రమూ, ఆర్ఎన్ఏ నకలు తీసే యంత్రమూ ఒకే దారి మీద ఎదురుపడినప్పుడు ఏది తప్పుకుంటుంది, ఢీకొంటే ఏ జన్యువు దెబ్బతింటుంది అన్న దాని మీద ఈ రోజుకీ ప్రయోగశాలలు పని చేస్తున్నాయి. మీరు వెళ్లబోయే హైదరాబాదులోనే, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు గారు ముసలి ఎలుకల మెదడు కణాల్లో డీఎన్ఏ మరమ్మతు శక్తి తగ్గిపోవడాన్నీ, అందులో మరమ్మతు పని చేసే డీఎన్ఏ పాలిమరేజ్ బీటా పాత్రనూ ఏళ్ల తరబడి పరిశీలించారు. కాబట్టి మిగిలింది చాలా ఉందని బావగారికి నిస్సంకోచంగా చెప్పండి.

ఇక ఆ మొదటి పేజీ ఎలా రాయబడిందో మీరు వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అసలు ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఆ పేజీలో డీఎన్ఏ పాలిమరేజ్‌ను కనిపెట్టిన ఆర్థర్ కోర్న్‌బర్గ్ 1918లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన యూదుల ఇంట పుట్టారు. తండ్రి మొదట కుట్టుమిషను మీద కూలి పని చేసి, తరువాత చిన్న ఇనుప సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. తొమ్మిదేళ్ల వయసు నుంచే ఆర్థర్ ఆ కొట్టులో బేరాలు చూసేవాడు. మీ ఉత్తరం చదవగానే నాకు ఆయన గుర్తుకు రావడానికి అదీ ఒక కారణం. ఆయన చదివింది వైద్యం, బయోకెమిస్ట్రీ కాదు. తనకు ఉన్న స్వల్పమైన కామెర్ల లక్షణం తోటి విద్యార్థుల్లో ఎందరికి ఉందో రక్తపరీక్షలతో లెక్కతీసి రాసిన ఒక చిన్న వ్యాసమే, ఓడ మీద డాక్టరుగా ఉన్న ఆయనను అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధనశాలకు చేర్చింది. అక్కడ కొన్నేళ్లు ఎలుకలకు రకరకాల మేత పెట్టి విటమిన్ల లోపాలను చూశారు. ఆ పని విసుగెత్తి, 28 ఏళ్ల వయసులో, 1946లో సెవెరో ఓచోవా అనే బయోకెమిస్టు దగ్గర ఎంజైములను శుద్ధి చేయడం మొదటి నుంచి నేర్చుకున్నారు.

ఆ ఎలుకల కాలం గురించి ఒక్క మాట. సల్ఫా మందులు (బ్యాక్టీరియాను అడ్డుకునే తొలి మందులు) తిన్న ఎలుకలకు వచ్చే రక్తదోషాన్ని ఫోలిక్ ఆమ్లం నయం చేస్తుందని ఆయన అక్కడ గమనించారు. ఇంచుమించు అదే కాలంలో లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆమ్లానికి నకిలీ రూపమైన అమినోప్టెరిన్ ఆయన బృందం నుంచే వచ్చింది. చిన్నపిల్లల రక్త క్యాన్సర్ మీద అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని వాడి చూశారు. ఆ మందు చేసే పని ఏమిటంటే, డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిన్ తయారీని అడ్డుకుని, అక్షరం దొరకని కణంలో నకలు ఆగిపోయేలా చేయడం. అంటే మీరు చేయబోయే పని తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు.

1950ల మధ్యలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, కోర్న్‌బర్గ్ ఈ.కోలైని చితక్కొట్టి తీసిన రసంలో రేడియోధార్మిక థైమిడిన్ (థైమిన్ అక్షరం ఉన్న పదార్థం) కలిపి, అందులో ఎంత భాగం డీఎన్ఏగా మారుతుందో చూశారు. పది లక్షల కౌంట్లు (రేడియోధార్మికతను లెక్కించే పరికరం చూపే లెక్క) వేస్తే, డీఎన్ఏ వంటి పదార్థంలోకి చేరినట్టు కనిపించినవి యాభై. పదివేలకు ఒకటి కూడా కాదు. మీరు గానీ నేను గానీ అయితే, గాజు సామాను సరిగ్గా కడగలేదేమో అనుకుని ఆ నోటుబుక్కు మూసేసేవాళ్లం. ఆయన దానికి డీఎన్ఏను కొరికేసే ఎంజైమును కలిపారు. ఆ యాభై మాయమయ్యాయి. అంటే అక్కడ పుట్టింది మురికి కాదు, డీఎన్ఏనే. ఆ నమ్మకంతో రాబర్ట్ లేమన్, మారిస్ బెస్‌మన్, ఎర్నెస్ట్ సిమ్స్‌లతో కలిసి ఆ రసాన్ని మెట్టు మెట్టుగా శుద్ధి చేసి, 1956 నాటికి డీఎన్ఏ పాలిమరేజ్‌ను పట్టుకున్నారు. 1957లో పంపిన రెండు వ్యాసాలను జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ మొదట తిప్పికొట్టింది. తయారైనది జన్యువుగా పని చేస్తుందని చూపకుండా దాన్ని డీఎన్ఏ అని ఎలా అంటారన్నది పరిశీలకుల అభ్యంతరాల్లో ఒకటి. సంపాదకుడు మారాక 1958లో అవి అచ్చయ్యాయి, 1959లో ఓచోవాతో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ నోబెల్‌ను పక్కన పెట్టి ఆ యాభై కౌంట్ల దగ్గర ఆగండి. ఈ వృత్తిలో ఎక్కువ రోజులు అలాంటివే: ఉందో లేదో తెలియని ఒక సంకేతం, అది నిజమా కాదా అని తేల్చే ఒక ఎదురు పరీక్ష. మే నెలలో బయట 43 డిగ్రీలు ఉంటే మీరు స్వెట్టరు వేసుకుని 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో కాలమ్ (ప్రొటీన్లను వేరుచేసే గొట్టం) పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెడతారు. ఇది నాకు స్వయంగా తెలుసు. రెండు వేసవులు అలాగే గడిపాను, వాటిలో ఒక వేసవి పూర్తిగా వృథా అయింది, తప్పు బఫరు (ప్రొటీనును ఉంచే ద్రావణం) వాడినందుకు. కాబట్టి మిమ్మల్ని మీరు అడగవలసింది "నాకు జన్యువులంటే ఇష్టమా" అని కాదు. జన్యువులంటే ఇష్టం లేనివారు ఎవరు? మీ ప్రొటీను మడ్డిలోకి పోయిన రోజు సాయంత్రం, మీకు ఇంటికి వెళ్లాలనిపించిందా, లేక ఎందుకు పోయిందో చూడాలనిపించిందా? మీ ఉత్తరంలో "ఎన్నిసార్లు చేసినా" అని రాశారు. ఒక్కొక్కసారి ఏం మార్చారో రాయలేదు. ప్రతిసారీ ఒక్కటైనా మార్చి ఉంటే మీరు ఈ పనికి తగినవారే. ఒకే విధంగా పదిసార్లు చేసి ఉంటే, చేరే ముందు ఇంకొంచెం ఆలోచించండి.

ఉన్నదున్నట్టు చెప్పవలసిన మరొక సంగతి ఉంది. ఈ రంగంలో జీవితమంతా పెట్టిన ఎంజైము చివరికి అసలు ఎంజైము కాదని తేలవచ్చు. 1967లో కోర్న్‌బర్గ్ బృందం ఐదు వేలకు పైగా అక్షరాలున్న ఒక వైరస్ డీఎన్ఏను గాజు పాత్రలో నకలు తీసి, ఆ నకలు బ్యాక్టీరియాకు నిజంగానే సోకుతుందని చూపింది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ స్వయంగా ఆ వార్తను ప్రస్తావించారు. రెండేళ్లు తిరగకుండానే జాన్ కెయిర్న్స్, పాలా డి లూసియా వేల కొద్దీ కాలనీలను ఒక్కొక్కటిగా పరీక్షించి, కోర్న్‌బర్గ్ ఎంజైము దాదాపు పని చేయకపోయినా హాయిగా పెరుగుతున్న ఈ.కోలైని కనిపెట్టారు. ఆ ఎంజైము నకలు తీసే పనికి ముఖ్యమైనది కానే కాదన్న విమర్శలు పత్రికల్లో వచ్చాయి. అసలు పని చేసే పాలిమరేజ్ మూడును 1971లో వెలికితీసినవారిలో ఒకరు, సెల్లో వాయించడంలో శిక్షణ పొంది చేతి ఇబ్బంది వల్ల దాన్ని వదిలి ప్రయోగశాలకు వచ్చిన థామస్ కోర్న్‌బర్గ్. ఆర్థర్ రెండో కొడుకు. తండ్రి ఎంజైము ఆ తరువాత మరమ్మతు పనివాడిగా, నకలు మొదలుపెట్టడానికి వాడిన ఆర్ఎన్ఏ ముక్కలను తొలగించే పనివాడిగా స్థిరపడింది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ డీఎన్ఏ అక్షరాలను చదివే పద్ధతి తెచ్చినప్పుడు ఆ ఎంజైము ముక్కే అందులో పనిముట్టయింది. పెద్ద కొడుకు రోజర్, పన్నెండేళ్ల వయసులో తండ్రి నోబెల్ అందుకోవడం చూడడానికి స్టాక్‌హోమ్ వెళ్లినవాడు, రెండో రకం నకలు మీద, ఈస్టులోని ఆర్ఎన్ఏ పాలిమరేజ్ మీద దశాబ్దాలు పని చేసి, 2001లో దాని ఆకారాన్ని చూపి, 2006లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

మీ నాన్నగారి మాటను నేను తీసిపారేయను. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000, వసతి ఇవ్వని చోట ఇంటి అద్దె భత్యం అదనం. ఈ అంకెలు 2023 జనవరి నుంచి అమలులో ఉన్నాయి. చూడడానికి ఇది క్యూసీ జీతం కంటే ఎక్కువే. కానీ అది అయిదేళ్లకు ఆగిపోతుంది, పీహెచ్‌డీ అప్పటికి ముగియకపోవచ్చు, డబ్బు కొన్ని చోట్ల నెలల ఆలస్యంతో చేతికి వస్తుంది. ఆ తరువాత రెండు నుంచి నాలుగేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), అదీ చాలామందికి విదేశంలో. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. పోటీ పడేవారు ఎక్కువ. మీతో చేరిన పదిమందిలో సొంత ప్రయోగశాల పెట్టుకునేవారు ఒకరో ఇద్దరో అన్న అంచనాతో బయలుదేరడం మంచిది. మిగిలినవారు జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల టీకాల, రోగనిర్ధారణ కిట్ల కంపెనీల్లో చేరతారు, పేటెంట్ల పని చేస్తారు, కాలేజీల్లో పాఠాలు చెబుతారు. అవేవీ ఓటములు కావు, కానీ వాటికోసం ఆరేళ్లు పెట్టాలా అని నాన్నగారు అడిగితే అది న్యాయమైన ప్రశ్న.

క్యూసీ ఉద్యోగాన్ని కూడా చిన్నచూపు చూడవద్దు. అక్కడ మీ చేతికి వచ్చే మాత్రల్లో రిఫాంపిసిన్ ఉండవచ్చు, అది క్షయ బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ను ఆపుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ ఉండవచ్చు, అది మెలిపడిన డీఎన్ఏను విప్పే ఎంజైమును పట్టుకుంటుంది. టెనోఫోవిర్ ఉండవచ్చు, అది హెచ్‌ఐవీ నకలు తీసుకునే ఎంజైముకు తప్పుడు అక్షరం అందించి గొలుసు ఆపేస్తుంది. మీరు చదవాలనుకున్న ఎంజైములను అడ్డుకునే మందులు అక్కడ రోజూ మీ బల్ల మీదికి వస్తాయి. తేడా ఒకటే: అక్కడ మాత్ర సరిగ్గా ఉందా అని చూస్తారు, ఎంజైము ఎలా పని చేస్తుందని అడగరు. అడగకుండా ఉండగలిగితే ఆ ఉద్యోగం హాయైనది.

పెళ్లి విషయం మీ ఇంటి విషయం, అందులో నేను తలదూర్చను. రెండు ఉదాహరణలు మాత్రం చెబుతాను, అమ్మగారికి చదివి వినిపించండి. ఆర్థర్ భార్య సిల్వీ కూడా బయోకెమిస్టే; ముగ్గురు పిల్లలను పెంచుతూ ప్రయోగశాలకు తిరిగి వచ్చి, పాలీఫాస్ఫేట్‌ను (ఫాస్ఫేట్ల పొడవాటి గొలుసును) తయారు చేసే ఎంజైమును వెలికితీసిన పనిలో ఆమె చేయి ఉంది; బహుమతి మటుకు ఆయన పేరు మీదే వచ్చింది. జపాన్‌లో త్సునెకో ఒకజాకి, భర్త రెయిజీతో కలిసి, డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకదాని నకలు చిన్న చిన్న ముక్కలుగా తయారై ఆ తరువాత అతుక్కుంటుందని 1960ల చివర్లో చూపారు. హిరోషిమా అణుబాంబు రేడియేషన్‌కు చిన్ననాడే గురైన రెయిజీ 1975లో, 44 ఏళ్లకే రక్త క్యాన్సర్‌తో పోయారు. ఆమె పిల్లలతో, ప్రయోగశాలతో ఒంటరిగా నిలబడి, ప్రతి ముక్క మొదట్లోనూ ఉండే ఆర్ఎన్ఏ తునక సంగతి పూర్తిగా తేల్చారు. నగోయా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. నేను ఈ రెండూ చెప్పడం అంతా సాఫీగా సాగుతుందని కాదు. వచ్చే సంబంధంలో, రాత్రి పదకొండింటికి కాలమ్ చూసుకోవడానికి వెళ్లే భార్యను ఆ ఇల్లు ఒప్పుకుంటుందా అని ముందే, నోరు తెరిచి, అబ్బాయినే అడగమని చెప్పడానికి.

నా మాట అడిగితే చేరండి. అయితే ఆ సంస్థ పేరు చూసి కాదు, ఆ గైడు దగ్గర ఉన్న పిల్లలను చూసి. ఒక రోజు వెళ్లి, ఆయన గదిలో కాకుండా క్యాంటీన్‌లో, నాలుగో ఏడు చదువుతున్న విద్యార్థితో టీ తాగండి. ముందువాళ్లకు పీహెచ్‌డీ ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎందరు వెళ్లిపోయారు, ఫలితం రానప్పుడు ఆయన ఏమంటారు అని అడగండి. "ఇంకొకసారి చెయ్యి" అనే గైడుకూ, "కంట్రోల్ (ఎదురు పరీక్ష) ఏం పెట్టావు" అనే గైడుకూ మధ్య మీ ఆరేళ్ల తేడా ఉంది. జవాబులు నచ్చకపోతే అదే ఊళ్లో ఇంకో గైడును వెతుక్కోవడానికి జేఆర్‌ఎఫ్ మీకు అవకాశమిస్తుంది. ఆ ఫెలోషిప్ మీది, సంస్థది కాదు. కంపెనీవాళ్లను చేరే గడువు పొడిగించమని అడగండి. చాలాసార్లు నెల రోజులు ఇస్తారు.

చివరగా మీ ప్రొటీను. ఓచోవా దగ్గర ఉన్నప్పుడు కోర్న్‌బర్గ్, కొన్ని వందల పావురాల కాలేయాల నుంచి వారాల తరబడి ఒక ఎంజైమును శుద్ధి చేశారు. ఒక రాత్రి చివరి మెట్టులో, ఇరుకు బల్ల మీద ఒక కొలపాత్ర ఇంకో కొలపాత్రను తాకి, ఆ ఎంజైము ఉన్న పాత్ర కింద పడి పగిలింది. మర్నాడు వచ్చి, పారేయకుండా గడ్డకట్టబెట్టి ఉంచిన ఆఖరి తేటను చూస్తే అది మసకబారి ఉంది. అడుగున చేరినదాన్ని తీసి పరీక్షిస్తే ఎంజైములో అధిక భాగం అందులోనే, అంతకు ముందు ఎప్పుడూ రానంత శుద్ధంగా ఉంది. మీ మడ్డి గొట్టాలు ఎమ్మెస్సీ ప్రయోగశాల ఫ్రీజరులో ఇంకా ఉండే ఉంటాయి. వాటిని పారేయవద్దని అక్కడి టెక్నీషియన్‌కు ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. తరువాతిసారి కణాలను 37 డిగ్రీల వద్ద కాకుండా 18 డిగ్రీల వద్ద, రాత్రంతా నెమ్మదిగా పెంచి చూడండి. ప్రొటీను తొందరలో తప్పుగా మడతపడి గడ్డకడితే మడ్డిలోకి పోతుంది, నెమ్మదిగా తయారైతే కొంతైనా తేటలో మిగలవచ్చు. అందులో మొదట కనిపించేది యాభై కౌంట్లంతే అయినా, ఎదురు పరీక్ష పెట్టాకే కొట్టేయండి.